రెండు వేళ్ల ఎత్తు

సాన్ వితాలే పురపాలక సంఘం వారు యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా, ఈ మార్చి ఒకటో తేదీ నుంచి మన ఊరి గాలి శుభ్రపడుతుంది. ముప్ఫై ఏళ్లు దాటిన వాహనమేదీ ఇకమీదట రోడ్డెక్కరాదు. సదరు వాహనం చారిత్రకమైనదని ధ్రువపత్రం ఉన్నట్లయితే మాత్రం ఎక్కవచ్చు.

ఈ ప్రకటనను చర్చి గోడ పక్కనున్న నోటీసు బోర్డుకు నాలుగు మేకులు కొట్టి తగిలించారు. ఊళ్లోవాళ్లు చదివి తలాడించారు. తప్పు పట్టడానికి ఇందులో ఏముంది? పాత కారు వదిలేది పొగ. చారిత్రక కారు వదిలేది వారసత్వం. రెంటికీ తేడా ముక్కుకి తెలియకపోవచ్చు. కాగితానికి తెలుస్తుంది.

నోర్మా ఆ నోటీసు చదవలేదు. ఎనభయ్యో ఏట ఆవిడ చదివేవి రెండే: మందు సీసా మీద చీటీ, చనిపోయినవాళ్ల ప్రకటనలు. కాబట్టి ఆదివారం పొద్దున ఎప్పట్లాగే పాకలోంచి తెల్లకారు బయటికి తీసింది. సీట్లో దిండు వేసుకుంది. పక్కన పొరుగింటి అర్జియాని కూర్చోబెట్టుకుని, ఆవిడ ఒళ్లో పూలకుండీ పెట్టి, నాలుగు కిలోమీటర్ల అవతలున్న శ్మశానానికి బయలుదేరింది. వంతెన దగ్గర పురపాలక పోలీసు ఇవానో చెయ్యెత్తాడు.

"ఆపు అత్తా, ఆపు."

"ఏరా, నువ్వూ వస్తావా? చోటు లేదురా. అర్జియా ఉంది, అర్జియా మీద పూలకుండీ ఉంది."

"ఎక్కడానిక్కాదు అత్తా. ఈ కారు నడపకూడదు."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నా."

"నీ బాప్తిస్మానికి నిన్ను తీసుకెళ్లింది ఈ కార్లోనేరా! దారి పొడుగునా నా కొత్త గౌను తడిపావు."

ఇవానో తన బూట్ల వంక చూసుకున్నాడు. "అత్తా, నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఆ సంగతులు ఎత్తకు."

"వదిలెయ్యవే నోర్మా," అంది అర్జియా కిటికీలోంచి తల బయట పెట్టి. "అప్పుడు తొడుక్కోవడానికి లాగూ లేదు. ఇప్పుడు టోపీ కూడా ఉంది. మాట వింటాడా?"

ఇవానో నోటీసు సంగతి చెప్పాడు. ఈ ఒక్కసారికీ వదిలాడు. వచ్చే ఆదివారం నాటికి కాగితం లేకపోతే బండిని స్వాధీనం చేసుకోవాల్సి వస్తుందన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు చెయ్యి మాత్రం కారు ముందు చక్రం మీది రేకు రెక్కని నిమురుతోంది. ఊళ్లో మగాళ్లందరికీ ఆ అలవాటుంది. ఆ కారు పక్కన నిలబడి చెయ్యి జేబులో పెట్టుకోగలిగిన మగాడు సాన్ వితాలేలో పుట్టలేదు.

నోర్మా ఆ రోజు భర్త లెయార్కో సమాధి దగ్గర పూలు పెట్టింది. పోయేముందు లెయార్కో ఆవిణ్ని ఒక్కటే అడిగాడు. "నేనున్నా లేకున్నా ఆదివారం ఆదివారం దాన్ని బయటికి తియ్యి. నిలబెడితే పాడవుతుంది." కారు గురించి అన్నాడో, ఆవిడ గురించి అన్నాడో ఆవిడ అడగలేదు. ఆరేళ్లుగా ఒక్క ఆదివారం తప్పలేదు.

ఇక్కడ ఆ కారు చరిత్ర కొంత చెప్పుకోవాలి. చరిత్ర అన్నాక రెండు రకాలు: జరిగింది, అచ్చయింది. ముందు జరిగింది చెప్పుకుందాం, అది చిన్నది.

అరవై ఏళ్ల కిందట ఈ ఊళ్లో మలగోలి అనే పెద్దమనిషి కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఇటలీ ప్రభుత్వం నుంచి ఏదో బిరుదు కూడా తెచ్చుకున్నాడు కనక అందరూ ఆయన్ని కొమ్మెందాతోరె అని పిలిచేవాళ్లు. బిరుదున్నవాణ్ని పేరు పెట్టి పిలవడం మా వైపు తిట్టుతో సమానం. దూరప్రయాణాలకి, రెండు సీట్లతో, ఎక్కినవాళ్లకి తాము ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదనిపించే కారు ఒకటి చెయ్యాలని ఆయన కోరిక. దానికి గార్జెత్తా అని పేరు పెట్టాడు, పొ నది ఒడ్డున ఒంటికాలి మీద నిలబడే తెల్లకొంగ పేరు.

ఇంజిను సంగతి ఎలా ఉన్నా, పై రేకు పనంతా లెయార్కోది. ఇనప చువ్వలు వంచి కారు ఆకారం నిలబెట్టేవాడు. అల్యూమినియం రేకుని ఇసుకసంచి మీద పెట్టి, చెక్కసుత్తితో కొడుతూ కొడుతూ ఒంపు తెచ్చేవాడు. కొలబద్ద వాడేవాడు కాదు. కన్ను, చెయ్యి, అంతే. పొద్దున చేసిన ఎడమ రెక్కా, మధ్యాహ్నం భోంచేసి చేసిన కుడి రెక్కా ఒక్కలా ఉండేవి కావు. ఊళ్లో రేకు పనివాళ్లందరి తీరూ అదే. "మనిషి మొహం మాత్రం రెండు పక్కలా ఒక్కలా ఉంటుందా? అలా ఉంటే అది శవం," అనేవాడు లెయార్కో.

నోర్మా అక్కడ సీట్ల తోలు కుట్టేది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఆ రోజుల్లో ఆడపిల్లలందరిలాగే జుట్టు లోపల్నించి దువ్వి, జానెడు ఎత్తు లేపి, చెదరకుండా జిగురు కొట్టుకునేది. సీటు సరిపోయిందో లేదో చూడ్డానికి ఏడో కార్లో ఆవిణ్ని కుడిపక్క, అంటే డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టారు. జుట్టు పైకప్పుకి తగిలి నలిగింది. నోర్మా ఏమీ అనలేదు. అనేంత ధైర్యం ఆవిడకి ఎప్పుడూ లేదు. కిందికి దిగి, గోడకున్న అద్దంలో చూసుకుని, ఒక పిన్ను తీసి మళ్లీ పెట్టుకుంది. లెయార్కో అది చూశాడు. మర్నాడు పొద్దునకల్లా కుడివైపు పైకప్పు రెండు వేళ్లు ఎత్తు పెరిగింది.

"ఏమిటయ్యా ఈ వంకర?" అన్నాడు కొమ్మెందాతోరె.

"గాలి కోసమండీ," అన్నాడు లెయార్కో.

ఆ కారు కొనుక్కుంటానన్న మిలానో పెద్దమనిషికి గాలి నచ్చలేదు. వంకర కప్పు కారు వద్దని పోయాడు. మూడేళ్ల తర్వాత ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు పనివాళ్లు తలా ఒకటి పట్టుకెళ్లారు. ఒకడు గోడ గడియారం, ఒకడు లేతు మిషను, ఒకడు వంటగదిలో పెద్ద గిన్నె. ఎవరికీ అక్కర్లేని వంకర కారు లెయార్కోకి మిగిలింది. అందులోనే నోర్మాని పెళ్లికి తీసుకెళ్లాడు. జుట్టు నలగలేదు.

ఇక అచ్చయిన చరిత్ర. రేసుల్లో పాల్గొనాలంటే ఇరవై ఐదు కార్లు తయారు చేసి ఉండాలని అప్పట్లో నియమం. చేసింది ఏడు. లెక్క చూసుకోవడానికి ఇద్దరు అధికారులు వచ్చారు. పొద్దున ముందు ఆవరణలో ఏడు లెక్కపెట్టారు. తర్వాత భోజనం. పులుసులో మాంసం కూరిన తొర్తెల్లీనీ, ఉడికించిన మాంసం, ఎర్ర లంబ్రుస్కో వైను. భోజనం మూడు గంటలు సాగింది. ఆలోగా అవే ఏడు కార్లు వెనక ఆవరణలోకి నడిచి వెళ్లాయి. అధికారులు అక్కడ పద్దెనిమిది లెక్కపెట్టి సంతకాలు చేశారు. ఆ ఏడాది వైను బాగా కుదిరింది.

పోయేముందు వాళ్లు డ్రాయింగు అడిగారు. డ్రాయింగు లేదు. కారు చూసి గీయమని ఆఫీసులో నెల్లో బరాల్ది అనే గుమాస్తాకి చెప్పారు. అది శుక్రవారం. నెల్లో చేపలు పట్టడానికి పోవాలి. అందుకని ట్రేసింగ్ కాగితం మీద ఎడమ సగం గీసి, కాగితం మధ్యకి మడిచి, ఆ గీతల మీదే కుడి సగం దిద్దేశాడు. నాలుగింటికల్లా గాలం వేశాడు. అధికారులు డ్రాయింగు మీద ముద్ర కొట్టారు.

ఈ రెండు కాగితాల ఆధారంగా ప్రొఫెసర్ లెంజీ గారు నాలుగు వందల పన్నెండు పేజీల ప్రామాణిక గ్రంథం రాశారు. ఆయన గార్జెత్తా ఎప్పుడూ ఎక్కలేదు. అందువల్ల ఆయన అభిప్రాయాలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఏడు కార్లలో రెండు రేసుల్లో గోడలకి గుద్దుకున్నాయనీ, ఒకటి గార్దా సరస్సులోకి దిగిందనీ, మూడు తుక్కుకి పోయాయనీ, ఒకదాని ఆచూకీ తెలియదనీ రాశారు. తక్కిన పద్దెనిమిదీ ఇంకా దొరకలేదని రాశారు. ఆ పద్దెనిమిదింటి కోసం ఇప్పటికీ ముగ్గురు జర్మన్లు, ఒక జపాను పళ్ల డాక్టరు ప్రపంచమంతా వెతుకుతున్నారు. భోజనం తర్వాత పుట్టిన కార్లకున్న గిరాకీ భోజనానికి ముందు పుట్టినవాటికి ఎక్కడుంటుంది?

ఆచూకీ తెలియని ఆ ఒక్క కారూ ఈలోగా సాన్ వితాలేలో యాభై ఏళ్లకి పైగా తిరిగింది. పెళ్లికూతుళ్లని మోసింది, బాప్తిస్మం పిల్లల్ని మోసింది, కాన్పు నొప్పులొచ్చిన ముగ్గుర్ని మొదెనా ఆసుపత్రికి చేర్చింది. టొమాటో పెట్టెలు, కోళ్లు, ఒకసారి పందిపిల్ల. లెయార్కో పోయాక నోర్మా ఎడమపక్క స్టీరింగు ముందుకి మారింది. అటువైపు కప్పు తక్కువ. జుట్టు మాత్రం ఇప్పటికీ అదే ఎత్తు. ప్రతి శనివారం లేపించుకుని జిగురు కొట్టించుకుంటుంది. అందుకని తల కుడిపక్కకి, చోటున్నవైపుకి వాల్చి నడుపుతుంది. దూరం నుంచి చూస్తే పక్కసీట్లో ఎవరి భుజం మీదో తల ఆన్చినట్టుంటుంది. ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చూడరు.

నోర్మా ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టింది. దాని రసీదు చూసి, జవాబు వచ్చేదాకా ఇవానో ఊరుకున్నాడు. చారిత్రక వాహనాల సంఘం తరఫున ప్రొఫెసర్ లెంజీ గారే స్వయంగా వచ్చారు, ఆయన ఏమన్నా తలాడించడానికి ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకుని. తెల్ల చేతితొడుగులు తొడుక్కున్నారు. నెల్లో బరాల్ది డ్రాయింగుని అద్దం చట్రంలో పెట్టి తెచ్చారు. దాన్ని కోళ్లగూటికి ఆనించి, మొదట దానికి, తర్వాత కారుకి తల పంకించారు.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొలిచారు. సీటు కింద దొరికిన కోడి ఈకని కవర్లో పెట్టి సీలు వేశారు. చివరికి ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఈ కారు ఎడమ దీపం తొమ్మిది మిల్లీమీటర్లు ముందుకుంది. కుడి తలుపు పొడుగ్గా ఉంది. పైకప్పు కుడివైపు ముప్ఫై ఒక్క మిల్లీమీటర్లు లేచింది. డ్రాయింగు చూడండి, రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదు. కాబట్టి కారైనా తప్పయి ఉండాలి, డ్రాయింగైనా తప్పయి ఉండాలి. డ్రాయింగు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. కారు మీద ఏముంది?"

"కోడి రెట్ట," అంది అర్జియా. ఆవిణ్ని ఎవరూ పిలవలేదు, కానీ కంచె మీద మోచేతులాన్చి పొద్దుటి నుంచి అక్కడే ఉంది.

"ఆ డ్రాయింగు మడిచి గీశారండీ," అంది నోర్మా చిన్నగా. "నెల్లో. ఆ రోజు శుక్రవారం. చేపలకి పోవాలని..."

"దీనికి సాక్షి?"

"నేనేనండి. పక్కగదిలో సీట్లు కుడుతున్నా."

"అంటే మీరు ఆ ఫ్యాక్టరీ మనిషి. పైగా ఈ కారు చేశాడంటున్న వ్యక్తి భార్య. ఈ విషయంతో సంబంధం ఉన్నవారు. సంబంధం ఉన్నవారి మాట చరిత్రకి పనికిరాదమ్మా. నేను చూడండి, నాకు ఏ సంబంధమూ లేదు." ఇద్దరు సభ్యులూ తలాడించారు.

"మరి ఆ పైకప్పు ఎందుకు లేచిందని మీ ఉద్దేశం?" అన్నారు ప్రొఫెసర్ గారు.

నోర్మా చేతుల వంక చూసుకుంది. అరవై ఏళ్లలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అర్జియాకి కూడా. చెప్పకపోతే ఆదివారం పోతుంది.

"నా జుట్టు కోసమండీ," అంది. ఎనభయ్యేళ్ల మొహం చెవులదాకా ఎర్రబడింది.

ప్రొఫెసర్ గారు 'జుట్టు' అని రాసుకున్నారు. ఒక్క క్షణం ఆలోచించి కొట్టేశారు. సభ్యులు మర్యాద తప్పకుండా నవ్వారు. కంచె దగ్గర అర్జియా మాత్రం తెరిచిన నోరు మూయలేదు. "ఒసేయ్ దొంగదానా," అంది చివరికి. "మా ఆయన నా కోసం ఒక్క మేకు కొట్టలేదు. నీకు కప్పే లేపాడా!"

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. "పరిశీలించిన వాహనం గార్జెత్తా కాదు. అసలు గార్జెత్తాని దూరం నుంచి చూసిన ఎవరో అనుభవం లేని పనివాడు చేసిన ముతక నకలు అని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈక దీనితో జతపరచడమైనది." నోర్మా ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి తీర్మానం కోసం. రెండోసారి 'అనుభవం లేని పనివాడు' అన్న మాట కోసం. ఈకని మాత్రం కోళ్లగూట్లో పడేసింది.

ఆ ఆదివారం బస్సు లేదు. ఆదివారాలు ఉండదు. నోర్మా నడిచి వెళ్లింది. సమాధి దగ్గర కూర్చుని, "నడిచి వచ్చా," అని మాత్రం చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

సరిగ్గా అదే వసంతంలో ఊరికి మహాభాగ్యం పట్టింది. పద్దెనిమిది కార్లలో ఒకటి దొరికింది! పదిహేడో నంబరు కారు. స్నానాలగది పలకల వ్యాపారంలో కోట్లు గడించిన సస్సి గారు దాన్ని ఉత్తరాదినున్న ఏదో దేశంలో కనిపెట్టారు. కనిపెట్టినప్పుడు అది సిగరెట్ బూడిద డబ్బా రూపంలో ఉంది. ఆ డబ్బా అసలైన గార్జెత్తాదేనని రుజువైంది. మిగతా కారుని ఆ డబ్బా చుట్టూ, కంప్యూటర్లో డ్రాయింగు ఎక్కించి, యంత్రాలతో పునరుద్ధరించారు. ప్రొఫెసర్ గారు కొలిచి చూశారు. రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదు! ఈ కారు నిజంగా ఉండేదనడానికి ఇద్దరు ప్రభుత్వాధికారుల సంతకాలున్నాయి. ఇంతకన్న ఏం కావాలి? నోర్మా కారు ఉండేదనడానికి కారు తప్ప వేరే ఆధారం లేదు.

పాత ఫ్యాక్టరీకి సున్నం కొట్టి మ్యూజియం చేశారు. ప్రారంభోత్సవానికి మేయరమ్మ నోర్మాని 'సజీవ సాక్షి'గా పిలిచింది. సాక్ష్యం చెల్లనివాళ్లని సాక్షిగా కూర్చోబెట్టడంలో మా ఊరు పెట్టింది పేరు.

"పోకు," అంది అర్జియా. "నిన్ను బల్ల మీద పూలకుండీలా పెడతారు."

"పోతా. అందరి ముందూ ఇంకోసారి అడుగుతా. ఊరంతా ఉంటుంది కదా. ఊరికి తెలుసు కదా."

"తెలుసు. తెలిస్తే?"

ఊరంతా వచ్చింది. చర్చి ఫాదర్ గారు కారు మీద పవిత్రజలం చల్లారు, తడి మచ్చ పడుతుందని సస్సి గారు వెంటనే తుడిపించారు. మేయరమ్మ మాట్లాడింది. "ఈ కారు మన ఆత్మ. మన తాతల చేతులు దీన్ని చెక్కాయి," అంది. ఆ చేతులు కంప్యూటరువని ఎవరూ అడ్డుపడలేదు, సభామర్యాద. తర్వాత ప్రొఫెసర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా గార్జెత్తా ఎంత వేగంగా పోతుందో వివరించారు.

ఫొటో కోసం నోర్మాని కారెక్కమన్నారు. "ఆ రోజుల్లోలాగే, అమ్మా, కుడిపక్క సీట్లో!" అన్నారు సస్సి గారు చెయ్యందిస్తూ.

నోర్మా కూర్చుంది. తలుపు వేశారు. వేసీ వెయ్యగానే ఎండుగడ్డి మీద కాలేసినట్టు కరకరమని చప్పుడైంది. శనివారం లేపించుకున్న జుట్టు, జిగురూ పిన్నులూ సహా, పైకప్పుకి గుద్దుకుని కూలిపోయింది. ఒక పిన్ను ఎగిరి బూడిద డబ్బాలో పడింది.



"తగిలింది!" అని అరిచింది అర్జియా వెనక వరసలోంచి. "చూశారా? తగిలింది! ఆవిడ కార్లో తగలదు! లెయార్కో లేపాడు! చెప్పండర్రా ఎవరైనా! ఇవానో, నువ్వు చెప్పు. నీ బాప్తిస్మం! ఒరే మాంసం కొట్టు వాడా, నీ పెళ్లి!"

నోర్మా అద్దంలోంచి చూసింది. మొదటి వరసలో మాంసం కొట్టాయన, కారు దాకా వచ్చిన పెళ్లాం కంగారులో మేలిముసుగు తలుపులో ఇరికించిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అతని వెనక బేకరీ ఆవిడ, ఆ కార్లోనే పురుడు పోసుకునేది, ఆసుపత్రి గేటు రాకపోతే. ఆవిడ పక్కన మందుల షాపు అబ్బాయి, ఆ పురుట్లో పుట్టినవాడు. ఇవానో గోడవార, టోపీ చేతిలో. ఈ ఊళ్లో సగం మంది నడక నేర్చేముందు ఆ కారెక్కారు. అందరూ చూస్తున్నారు. అందరికీ తెలుసు. ఒక్క మాట చాలు, ఎవరో ఒకరు.

మాంసం కొట్టాయన ఆ నెలలోనే కొట్టుకి 'గార్జెత్తా సాసేజ్' అని బోర్డు రాయించాడు. బేకరీ ఆవిడ మేడ మీద గదులు అద్దెకి సిద్ధం చేసింది. మందుల షాపులో కొంగ బొమ్మ కప్పులు పెట్టారు.

ప్రొఫెసర్ గారు వేదిక దిగి వచ్చారు. టేపు తీశారు. కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి, కారుని కాదు, నోర్మాని కొలిచారు. లేచి నిలబడి సభకి చెప్పారు: "ఆందోళన పడాల్సిందేమీ లేదు. సీన్యోరా నోర్మా ప్రస్తుత కొలతలు అసలు కారుతో సరిపోవడం లేదు. వయసుతో మనిషి మారుతుంది. చరిత్ర మారదు. దీన్నిబట్టి ఆ రోజు ఈ సీట్లో కూర్చున్నది ఈవిడ కాదని కూడా అనుకోవచ్చు."

వయసుతో మనిషి పొట్టి అవుతుంది తప్ప పెరగదని మూడో వరసలో ఉన్న డాక్టరుకి తెలుసు. ఆయన దగ్గారు. దగ్గాక ఇంకేదో అంటారని అందరూ చూశారు. రుమాలు తీసుకున్నారు.

అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. మొదట ఎవరు కొట్టారో తేల్చడానికి అర్జియా తర్వాత చాలా రోజులు ఆరా తీసింది కానీ, చప్పట్లకి ఎవరూ సంతకం చెయ్యరు. ఒకరు కొడితే పక్కవాడు ఊరుకోలేడు. హాలంతా మోగిపోయింది. నోర్మా కారు దిగింది, కూలిన జుట్టుని ఒక చేత్తో పట్టుకుని. రెండో చేత్తో బూడిద డబ్బాలోంచి తన పిన్ను తీసుకుంది. అడగాలనుకున్నది అడగలేదు.

సోమవారం పొద్దున ఇవానో ఆవిడ ఇంటికొచ్చాడు. యూనిఫాం లేదు. పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రారా. కాఫీ తాగుతావా?"

"అత్తా, నేను నిన్న..."

"పంచదార ఎంత?"

"రెండు." కూర్చున్నాడు. జేబులోంచి ఒక ఫారం తీశాడు. "పొలం బండ్లకి ఆ ముప్ఫై ఏళ్ల రూలు లేదు. ఇందులో నాలుగు ప్రశ్నలున్నాయి. అవునని మాత్రం చెప్పు. ఈ బండి మీద ఎప్పుడైనా పంట మోశారా?"

"టొమాటోలు. ద్రాక్ష కూడా."

"పశువులు?"

"కోళ్లు. ఒకసారి పందిపిల్ల. నిన్ను కూడా మోశా."

"నన్ను రాయను. పొలం పనికి వాడుతున్నారా?"

"పెరట్లో చిక్కుళ్లున్నాయి, అది పొలమేనా?"

"పొలమే. గంటకి నలభై కిలోమీటర్లు మించి పోదు కదా?"

నోర్మా నోరు తెరిచింది. ఆ కారు వంతెన దాటాక ఎంత పోతుందో ఇవానోకి తెలుసు. ఎన్నోసార్లు చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

"పోదు," అంది.

పదకొండు రోజుల్లో కాగితం వచ్చింది. ఎవరూ కారు చూడ్డానికి రాలేదు, తొడుగులు తొడగలేదు, ఒక్క మిల్లీమీటరు కొలవలేదు. ఫారం మీద రాసింది రాసినట్టు నమ్మారు. ఇటలీ దేశం ఆ కారుని ఒక్కసారే నమ్మింది, అది ట్రాక్టరు అన్నప్పుడు.

ఇప్పుడు తెల్లకొంగ వెనక పొలం యంత్రాలకిచ్చే పసుపుపచ్చ నంబరు పలక ఉంది. దాని పక్కన 'నిదానంగా పోవు వాహనం' అని తెలిపే ఎర్ర త్రికోణం. ఆదివారం ఆదివారం నోర్మా శ్మశానానికి వెళ్తోంది, గంటకి నలభై కిలోమీటర్లు, ఒళ్లో పూలకుండీతో అర్జియా పక్కన. మొదటి ఆదివారమే సమాధి దగ్గర జరిగిందంతా చెప్పేసింది, జుట్టు సంగతి ఊరందరికీ తెలిసిపోయిందని కూడా. ఒక్క ముతక నకలు మాట మాత్రం దాచింది.

ప్రొఫెసర్ గారి గ్రంథం మూడో ముద్రణ ఈ మధ్యే వచ్చింది. పుట అడుగున చిన్నక్షరాల్లో ఒక వాక్యం చేర్చారు: "సాన్ వితాలే పరిసరాల్లో గార్జెత్తాని పోలిన వ్యవసాయ యంత్రమొకటి తిరుగుతుంటుంది, సందర్శకులు మోసపోరాదు."

మ్యూజియానికి కూడా అదే రోడ్డు. తక్కినవన్నీ ఇరుకు సందులు. కాబట్టి మీరెప్పుడైనా గార్జెత్తా చూద్దామని ఆదివారం పూట మా ఊరొస్తే, వంతెన దాటాక ముందు ఒక తెల్ల ట్రాక్టరు తగులుతుంది. స్టీరింగు ముందు పెద్ద జుట్టు ముసలావిడ, పక్కన ఎవరో ఉన్నట్టు తల వాల్చి నింపాదిగా పోతుంటుంది. మొహమాటపడకుండా హారన్ కొట్టండి. అందరూ కొడతారు. ఆవిడ పక్కకి తప్పుకుని దారిస్తుంది. దాటి వెళ్లేటప్పుడు అటు చూడాల్సిన పని కూడా లేదు. టికెట్లు ముందే కొనుక్కుని ఉంటారు, మ్యూజియం ఐదింటికి మూసేస్తారు, మీరొచ్చింది అసలు కారు చూడ్డానికి కదా.